గాలి చాటు పందెం

2025 జులై 13. టూర్ ద ఫ్రాన్స్ సైకిలు పందెంలో తొమ్మిదో దశ. షినాన్ నుంచి షాటొరు దాకా 174 కిలోమీటర్లు, దాదాపు అంతా బల్లపరుపు నేల. పందెం మొదలవుతూనే ఒకే జట్టుకు చెందిన మాథ్యూ వాన్ డెర్ పూల్, యోనాస్ రికార్ట్ గుంపును వదిలి ముందుకు ఉరికారు. గంటల తరబడి ఎవరికీ అందలేదు. చివరి కిలోమీటర్లలో రికార్ట్ డస్సిపోయి వెనకబడ్డాడు. వాన్ డెర్ పూల్ ఒంటరిగా తొక్కుతూనే ఉన్నాడు. గమ్యం ఇంకో 700 మీటర్లు ఉందనగా గుంపు వచ్చి అతణ్ని మింగేసింది. గెలుపు టిమ్ మెర్లియర్‌ది. ఆ రోజు సగటు వేగం గంటకు 50 కిలోమీటర్లు!

దీని మీద ఒక పాఠకుడు పంపిన ప్రశ్న ఇది: ‘మూడు గంటలు అందనివాళ్లు ఆఖరి నిమిషంలో ఎలా అందారు? ముందే కూడబలుక్కున్నారా?’

కూడబలుక్కోలేదు. ముందే లెక్క కట్టారు. ఆ లెక్క గాలిది.

పందెం సంగతి రెండు ముక్కల్లో చెప్పుకోవచ్చు. 1903లో ‘లోతో’ అనే ఫ్రెంచి క్రీడాపత్రిక తన అమ్మకాలు పెంచుకోవడానికి దీన్ని మొదలుపెట్టింది. ఇప్పుడు మూడు వారాల్లో 21 దశలు, మూడు వేల కిలోమీటర్ల పైచిలుకు దూరం, జట్టుకు ఎనిమిది మంది. అన్ని దశల సమయం కూడితే ఎవరిది తక్కువో వాళ్లదే పసుపు చొక్కా.

ఇక అసలు విషయం. చదును రోడ్డు మీద ఈ వేగంతో పోయేవాడి కండల శక్తిలో దాదాపు తొంభై శాతం గాలిని చీల్చడానికే ఖర్చవుతుంది. వేగం రెట్టింపైతే గాలి నిరోధం నాలుగు రెట్లు, దాన్ని తట్టుకోవడానికి కావలసిన శక్తి ఎనిమిది రెట్లు. మామూలుగా వంగి తొక్కే మనిషికి లెక్క వేస్తే, గాలి కోసమే గంటకు 30 కి.మీ. దగ్గర సుమారు 105 వాట్లు, 40 దగ్గర 250, 50 దగ్గర 480 కావాలి. వేగం రెట్టింపైనా కాలేదు, ఖర్చు మాత్రం నాలుగున్నర రెట్లు దాటింది.

హైవే పక్కన నిలబడి లారీ పోయేటప్పుడు చూడండి. లారీ దాటిన తరవాత దుమ్మూ, ఎండుటాకులూ, చిత్తుకాగితాలూ దాని వెంట పరుగెడతాయి. లారీ ముందు గాలి ఒత్తుకుపోతుంది, వెనక పీడనం తగ్గిన ఖాళీ ఏర్పడుతుంది. ఆ ఖాళీలో గాలి సుడులు తిరుగుతూ లారీతోపాటే కొంత దూరం ప్రయాణిస్తుంది. సైకిలు మీది మనిషి వెనకా ఇదే జరుగుతుంది. కాకపోతే ఆ చాటు చిన్నది. అందులో ఇంకొకడు దూరితే, అతనికి ఎదురయ్యే గాలి అప్పటికే కొంత అతని దిశలోనే కదులుతూ ఉంటుంది. అందుకే వాళ్లు ముందువాడి వెనక చక్రానికి తమ ముందు చక్రాన్ని జానెడు దూరంలో ఉంచి తొక్కుతారు. రెప్పపాటు ఏమరితే ఇరవై మంది కుప్పకూలుతారని తెలిసీ అక్కణ్నుంచి కదలరు.

ఈ చాటు బలమెంతో లోకానికి గట్టిగా చూపించినవాడు చార్లెస్ మర్ఫీ అనే అమెరికన్. గాలికి అడ్డు ఉంటే సైకిలు వేగానికి హద్దే ఉండదని అతనంటే జనం నవ్వారు. 1899 జూన్ 30న న్యూయార్క్ దగ్గరి లాంగ్ ఐలండ్‌లో రైలు పట్టాల మధ్య చెక్కలు పరిపించి, రైలుపెట్టె వెనక సైకిలు తొక్కాడు. మైలు దూరం 57.8 సెకన్లలో దాటాడు. అంటే గంటకు నూరు కిలోమీటర్లు! 2018లో డెనిస్ మ్యూలర్-కోరెనెక్ అనే మహిళ బోన్‌విల్ ఉప్పు మైదానంలో రేసుకారు చాటున 296 కి.మీ. వేగం అందుకుంది.

మర్ఫీకి తెలిసిన ఈ రహస్యం టూర్ సృష్టికర్త అన్రీ డెగ్రాంజ్‌కు గిట్టలేదు. ఆయన దృష్టిలో పందెమంటే మనిషి ఒంటరిగా రోడ్డుతో తలపడటం, ఇంకొకరి చాటున పోవడం సోమరితనం. 1911లో మొరీస్ బ్రోకో మరో పోటీదారుకు సాయపడ్డాడని, అతణ్ని ‘డొమెస్టిక్’ అన్నాడు. ఇంటి నౌకరు అని ఎత్తిపొడుపు. ఒళ్లు మండిన బ్రోకో మరుసటి దశ గెలిచి చూపించాడు, డెగ్రాంజ్ అతణ్ని పందెం నుంచే వెళ్లగొట్టాడు! 1927లో ఇంకా ముందుకెళ్లి, చాలా దశల్లో ఒక్కో జట్టునూ పదిహేను నిమిషాల తేడాతో బయల్దేరదీశాడు. ఏం లాభం? ఒక జట్టువాళ్లు తమలో తాము చాటు పంచుకున్నారు. ఎవరు ముందున్నారో తెలియక చూసేవాళ్లు తలలు పట్టుకున్నారు. రెండేళ్లు గడిచేసరికి ఆ పద్ధతి దాదాపుగా మూలపడింది. ఆ ఎత్తిపొడుపు మాట మాత్రం నిలిచింది, నాయకుడికి గాలి అడ్డే సహచరుడికి నేటికీ అదే పేరు.

తప్పు లెక్క ఆయన ఒక్కడిదే కాదు. గుంపు నడుమ ఉన్నవాడికి గాలి నిరోధం ఒంటరివాడితో పోలిస్తే 50 నుంచి 70 శాతం ఉంటుందని శాస్త్రజ్ఞులు చాలాకాలం అనుకున్నారు. నలుగురైదుగురు వరసగా పోతుంటే కొలిచిన అంకెలను నూటపాతిక మందికీ వర్తింపజేశారు మరి. బెల్జియంకు చెందిన బెర్ట్ బ్లోకెన్ బృందం 121 మంది సైకిలిస్టుల గుంపును సూపర్‌కంప్యూటర్‌లో పునఃసృష్టించింది. అంతటితో ఆగక, ఐండ్‌హోవెన్ విశ్వవిద్యాలయపు గాలి సొరంగంలో నాలుగో వంతు సైజు బొమ్మలు 121 నిలబెట్టి కొలిచింది. 2018లో వెలువడిన ఫలితం ఇది: గుంపు వెనక భాగంలో, నట్టనడుమ ఉన్నవాడి మీద పడే నిరోధం ఒంటరివాడి మీద పడే దానిలో 5 నుంచి 10 శాతమే!

గుంపు 54 కి.మీ. వేగంతో దూసుకుపోతుంటే, లోపలివాడికి గాలి తగిలేది 12–17 కి.మీ. వేగంతో పోతున్నట్టే. అంటే పాలవాడు క్యాన్లు కట్టుకుని తొక్కే వేగం. ఒక్కొక్కరూ గాలిని కాస్త కాస్త నెట్టగా నెట్టగా గుంపు తనతోపాటు గాలిముద్దను కూడా మోసుకుపోతుంది. ఈ గుంపును ‘పెలొటాన్’ అంటారు. ఆ ఫ్రెంచి మాటకు ఉండ అనే అర్థం కూడా ఉంది, బాగా కుదిరింది.

ఇంకో తమాషా. వెనకవాడు ముందువాడి కష్టాన్ని దోచుకుంటాడనే అందరూ అనుకుంటారు. నిజానికి వెనకవాడు దగ్గరగా వచ్చేసరికి ముందువాడి వెన్నంటి ఉన్న తక్కువ పీడనపు ఖాళీ కొంత పూడుతుంది. వెనక్కి లాగే బలం తగ్గుతుంది. బ్లోకెన్ బృందమే 2013లో వేసిన లెక్క ప్రకారం ఈ లాభం 2.6 శాతం దాకా ఉండవచ్చు.

ఇప్పుడు పాఠకుడి అనుమానానికి వద్దాం. ముందున్న ఇద్దరూ గాలిని వంతులవారీగా చీల్చాలి, అందులో ఒకడు పోతే మొత్తం బరువు రెండోవాడి మీదే. వెనక నూటయాభై మందికి పైగా ఉంటే ముందుకొచ్చి గాలి తినేది కొద్దిమంది, మిగతావాళ్లు నీళ్లు తాగుతూ కాళ్లు దాచుకుంటారు. పది కిలోమీటర్లకు ఒక నిమిషం చొప్పున గుంపు దూరాన్ని తగ్గించగలదని ఫ్రాన్స్ టీవీ వ్యాఖ్యాత రొబేర్ షపాత్ పేరు మీద ఒక సూత్రం ఉంది. గుంపు 50తో పోతే పది కిలోమీటర్లకు 12 నిమిషాలు, అలసిన ఒంటరివాడు 46తో పోతే 13. సూత్రం సరిపోయింది! మరి ముందే పట్టుకోవచ్చుగా? పట్టుకుంటే ఇంకెవడో ఉరుకుతాడు, మళ్లీ తరమాలి. అందుకే తాడు పొడుగ్గా వదిలి, చివర్లో లాగుతారు.

ఈ చాటు కొండల మీద పనిచేయదు. ఎనిమిది శాతం వాలును 20 కి.మీ. వేగంతో ఎక్కేవాడికి బరువు మోయడానికి సుమారు 320 వాట్లు కావాలి, గాలికి 30 చాలు. దాక్కోవడానికి గాలే లేదు. పసుపు చొక్కా ఆల్ప్స్, పిరనీస్ కొండల్లోనే తరచూ చేతులు మారేది ఇందుకే. పక్కగాలి వీస్తే చాటు కూడా ఏటవాలుగా జరుగుతుంది. రోడ్డు వెడల్పులో పట్టినంతమందికే చోటు, మిగిలినవాళ్లు అంచున గాలికి బలి. 2013 టూర్‌లో క్రిస్ ఫ్రూమ్ అంతటి మేటి ఇలాంటి రోజున ప్రత్యర్థి అల్బెర్తో కొంతదోర్‌కు 69 సెకన్లు సమర్పించుకున్నాడు.

ఇదంతా ఎందుకు పనికొస్తుందని అడిగేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. హైవే మీద లారీ వెనక సైకిలు తొక్కడానికి మాత్రం పనికిరాదు. మర్ఫీకి రైలు డ్రైవరు తోడున్నాడు, లారీ డ్రైవరుకు మీరున్నట్టే తెలియదు.

వచ్చే జులైలో టీవీలో పందెం చూసేటప్పుడు ముందున్న పదిమందినీ కాసేపు వదిలేయండి. గుంపు నట్టనడుమ చూడండి. సీసా నోట్లో పెట్టుకుని, పక్కవాడితో కబుర్లు చెబుతూ, పెడల్ మీద కాలు ఆపి జారిపోతున్నవాడు కనిపిస్తాడు. అతనూ 50 కి.మీ. వేగంతోనే పోతున్నాడు.