చూలు కట్టని బర్రె: మేతలో ఖనిజ లవణముల కొరత

హైదరాబాదు పాతనగరమునకు ప్రతిదినము తెల్లవారకమునుపే పాలు కావలెను. చార్మినారు చుట్టునున్న చాయ హోటళ్ళకును, మిఠాయి దుకాణములకును, గృహస్థులకును కావలసిన పాలలో కొంత నగరములోని తబేలాల నుండియు, తక్కినది చుట్టుపట్ల పల్లెల రైతుల దొడ్ల నుండియు వచ్చుచున్నది. తబేలా యజమాని ఈనిన బర్రెను హెచ్చు వెల పెట్టి కొనును. అది వట్టిపోయి సకాలమున చూలు కట్టనిచో దానిని ఊరక మేపుటకు ఇరుకు నగరములో చోటును లేదు, మేతయు లేదు. కావున మాంసపు ధరకు అమ్మివేయును. పల్లె రైతు చేయుచున్నదియు ఇంచుమించుగా ఇదియే. నాలుగు మాసములు చూచి, బర్రెకు “గొడ్డు” అని పేరు పెట్టి, దళారి చెప్పిన వెలకు తోలివేయుచున్నాడు. ఆ బర్రె నిజముగా గొడ్డా, లేక దాని గాడిలో ఏదైన కొరవడినదా యను ప్రశ్న వేసికొనువారు అరుదు. ఈ ప్రశ్ననే సంఘ సభ్యుల యెదుట ఉంచదలచితిమి.

మొదట నష్టమును లెక్క వేసి చూతము. బర్రె సుమారు 310 దినములును, ఆవు సుమారు 280 దినములును చూలు మోయును. ఒక ఎద తప్పిన మరల 21 దినములకు గాని ఎద రాదు. మూడు ఎదలు తప్పినచో 63 దినములు గడచిపోవును. ఆ దినములన్నియు పశువు గడ్డి తినును, నీరు త్రాగును, మనిషి చాకిరి చేయించుకొనును. దుత్తలో మాత్రము పాలు పడవు. ఇట్లు ఒక్కొక్క ఈతకు రెండు మాసములు వెనుకబడినచో, పశువు జీవితములో ఒక ఈత, ఒక దూడ, ఒక పాడి పూర్తిగా నష్టమగును.

ఇక మేత సంగతి. మన ప్రాంతమున పశువునకు ముఖ్యాహారము వరిగడ్డి. ఇది కడుపు నింపును గాని, ఇందు భాస్వరము మిక్కిలి తక్కువ. సున్నపు సత్తువయగు కాల్షియము కొంత యున్నను, గడ్డిలోని ఆక్సాలికామ్లము దానిని పట్టియుంచుటచే అది పశువునకు పూర్తిగా దక్కదు. జింకు, రాగి మొదలగునవియు ఇందు చాలినంత యుండవు. తవుడులోను, పల్లిచెక్కలోను భాస్వరము హెచ్చు, కాల్షియము తక్కువ. లూసర్న్, అలసంద వంటి పచ్చిమేతలలో కాల్షియము సమృద్ధి. కావున గడ్డి యొక్కటియే మేయు పశువునకు ఒక కొరత, గడ్డితో తవుడు మాత్రమే తిను పశువునకు మరియొక కొరత కలుగును. పాడిపశువు దినదినము పాలతో కాల్షియమును, భాస్వరమును బయటికి పంపుచునే యుండును. రాబడి లేని వ్యయము ఎన్నాళ్ళు సాగును?

ఈ లవణములకును చూలునకును సంబంధమేమి? భాస్వరము చాలనిచో పడ్డలు ఈడు వచ్చియు ఎదకు రావు. ఈనిన బర్రెలు నెలల తరబడి ఎద చూపవు. కాల్షియము తగ్గినచో ఈనిన వెంటనే పాలజ్వరము రావచ్చును, మాయ నిలిచిపోవచ్చును, గర్భసంచి త్వరగా సర్దుకొనదు. రాగి, మాంగనీసు కొరవడినచో ఎద మూగదై కనుగొన వీలుకాకుండును. రాగి లోపించిన పశువు వెండ్రుక రంగు వెలిసిపోవుట కూడ కలదు. జింకు తగ్గిన దున్నపోతు వీర్యము చెడును. అయోడిను లేనిచో దూడలు బలహీనముగానో చచ్చియో పుట్టును. ఇవన్నియు స్వల్ప ప్రమాణములలో కావలసినవే గాని, స్వల్పమని విడువదగినవి కావు.

పశువు తన కొరతను నోటితో చెప్పలేదు. కాని చేష్టలతో చెప్పును. గోడలు నాకుట, మన్ను తినుట, గుడ్డపేలికలు నములుట, ఎముకలు కొరుకుట మనము చూచుచునే యున్నాము. దీనిని చెడ్డ అలవాటని కొట్టి తోలుచున్నారు. ఈ చేష్టయే దక్షిణాఫ్రికాలో ఒక గొప్ప పరిశోధనకు మూలమైనది. అచ్చటి పచ్చికబయళ్ళలో భాస్వరము లేమిచే పశువులు చచ్చిన జంతువుల ఎముకలు తిని, వానిలోని విషముచే కాళ్ళు పడిపోయి మరణించుచుండెను. సర్ ఆర్నాల్డ్ టైలరును, ఆయన సహచరులును 1920 దశకమున ఆ మందలలో కొన్నిటికి శుద్ధిచేసిన ఎముకపొడి తినిపించి, కొన్నిటికి తినిపింపక పరీక్షించిరి. ఎముకపొడి తినని ఆవులలో నూటికి 51 మాత్రమే సక్రమముగా ఈనగా, తినినవానిలో నూటికి 80 ఈనెను. పచ్చిక యదే, పశుజాతి యదే, భేదమంతయు భాస్వరమే.

ఇది చదివి ఎవరును కబేళా ఎముకలు దంచి పశువులకు పెట్టరాదు. 1986లో ఇంగ్లాండున బయటపడిన పశువుల పిచ్చిరోగము ఇట్టి దాణా మూలముననే వ్యాపించెను. పాలిచ్చు పశువులకు పశుమాంసపు పొడి, ఎముకపొడి కలిసిన దాణా పెట్టరాదని మన దేశమునను నిబంధన కలదు. నేడు భాస్వరమును డైకాల్షియం ఫాస్ఫేటు రూపమున ఇచ్చుచున్నారు. ఇందును ఒక జాగ్రత్త కలదు. శుద్ధి చేయని రాతి ఫాస్ఫేటులో ఫ్లోరిను ఉండును. హైదరాబాదు సంస్థానములోని కొన్ని తావుల పశువులకు ఫ్లోరిను వ్యాధి కలదని 1934లోనే మహాజన్ అనువారు నివేదించిరి. నల్లగొండ నీటి కథ మనమెరిగినదే. నీటిలోనే ఫ్లోరిను ఉన్న నేలపై దాణాలోను దానిని చేర్చుట పశువుల ఎముకలను, పండ్లను చెరచుటయే.

కావున సంచిపై ఐ.యస్.ఐ. ముద్ర చూచి కొనవలెను. 2002 నాటి ఐ.యస్. 1664 ప్రమాణము ప్రకారము, ఉప్పు కలుపని మిశ్రమములో నూటికి కాల్షియము 20 పాళ్ళు, భాస్వరము 12 పాళ్ళు తగ్గరాదు; ఫ్లోరిను 0.07 పాలునకు మించరాదు. దూడకు దినమునకు 20 మొదలు 25 గ్రాములు, పడ్డకును వట్టిపోయిన బర్రెకును 50 గ్రాములు, పాలిచ్చు బర్రెకు 100 గ్రాములు దాణాలో కలిపి పెట్టవచ్చును. ఉప్పు వేరుగా 30 గ్రాములు చాలును. గొఱ్ఱెలకు మాత్రము ఈ మిశ్రమమును పెట్టరాదు. పశువునకు మేలుచేయు రాగి గొఱ్ఱెకు విషమగును. జియాగూడ సంతకు గొఱ్ఱెలను తోలు గొల్ల సోదరులు ఇది మరువరాదు.

నాలుగు దినములు పెట్టి ఫలము లేదనువారును కలరు. అండాశయములో అండము పెరిగి పక్వమగుటకు రెండు మూడు మాసములు పట్టును. నేడు పెట్టిన లవణము ఆ తరువాతి ఎదకు గాని తోడ్పడదు. అందుచే ఈనుటకు రెండు మాసములు ముందునుండియే ఆరంభించుట మేలు.

లవణమే సర్వరోగ నివారిణి యని మేము చెప్పుట లేదు. కడుపు నిండని పశువునకు లవణము పెట్టుట పునాది లేని గోడకు సున్నము వేయుట వంటిది. మొదట కడుపునిండ మేత, పచ్చిమేత, నులిపురుగుల మందు, పిదప లవణము. మూసీ వెంట మురుగునీటితో పెరిగిన పారాగడ్డి నగరపు తబేలాలకు చౌకగా దొరకుచున్నది. కాని ఆకుపచ్చనిదెల్ల సమగ్రాహారము కాదు. వేసవిలో బర్రె ఎద రాత్రివేళ మూగగా వచ్చి పోవును. నీడ, నీరు, రెండు పూటల పరిశీలన లేనిచో ఎంత లవణము తినిపించినను ఎద మన కంటబడదు. ఈనిన మూడు మాసములకును ఎదకు రానిచో, లేదా మూడుసార్లు కట్టించినను చూలు నిలువనిచో, గర్భసంచి రోగముండవచ్చును. అప్పుడు పశువైద్యునికి చూపవలెను. పాతనగరమునకు దాపుననే రాజేంద్రనగరున పశువైద్య కళాశాల కలదు.

ప్రతి సభ్యుడును ఒక చిన్న పుస్తకమున ఈనిన తేదీ, ఎద తేదీ, కట్టించిన తేదీ వ్రాసికొనవలెనని మా కోరిక. లవణ మిశ్రమమును సంఘము పేర మొత్తముగా కొని సభ్యులకు పంచినచో వెల తగ్గును, కల్తీ భయమును తగ్గును. దినమునకు 50 గ్రాముల చొప్పున వట్టి బర్రెకు నూరు దినములకు కావలసినది 5 కిలోలు మాత్రమే. దళారి ముంగిటికి వచ్చి బర్రెకు వెల కట్టునాడు ఈ 5 కిలోల వెలను, కొత్త బర్రె వెలను ప్రక్కప్రక్కన వ్రాసి చూచుకొనుడు. వైద్యుడు పరీక్షించి గర్భసంచి దోషము లేదన్న పశువునకు ఆ నూరు దినముల గడువు ఇచ్చిన పిమ్మటనే అమ్మకపు మాట తలపెట్టుడు.