కాఫీ రేటు పెరిగితే సొసైటీకి కష్టమా? అరకు రైతులు చూసుకోవాల్సిన లెక్క ఇదే

అరకు కొండల్లో నవంబర్ వచ్చిందంటే కాఫీ పండ్ల కోత ఊపందుకుంటుంది. గిరిజన సహకార సంస్థ, రైతుల సొంత సంఘం, సంతల్లో తిరిగే ప్రైవేటు వ్యాపారులు.. అందరూ కొనుగోళ్లకు దిగుతారు. సరుకు ఎవరికి పోతుందన్న దాన్ని బట్టే రైతు సంఘం నిలబడుతుందా లేదా అన్నది తేలుతుంది.

1956లో ఏర్పాటైన గిరిజన సహకార సంస్థ వెనక ప్రభుత్వం ఉంది. 2007లో నాంది ఫౌండేషన్ చేయూతతో మొదలైన చిన్న, సన్నకారు గిరిజన రైతుల పరస్పర సహాయ సహకార సంఘం అలా కాదు. 1995 నాటి మ్యాక్స్ చట్టం కింద నడిచే ఇలాంటి సంఘాల్లో సర్కారు వాటా ధనం ఉండదు. సభ్యులే యజమానులు. మిగులు వాళ్లదే, లోటు భారమూ వాళ్లదే.

2025 ఫిబ్రవరిలో న్యూయార్క్ మార్కెట్‌లో అరబికా ధర పౌండుకు 4 డాలర్లు దాటి రికార్డు సృష్టించింది. రైతుకు మంచి కబురే. మరి సంఘానికి ఇబ్బంది ఏంటి?

అసలు చిక్కు పెట్టుబడి దగ్గరే. ఒక కిలో కాఫీ గింజలు తయారవ్వాలంటే సుమారు 6 కిలోల పండ్లు కావాలి. వాటిని కొని, పల్పింగ్ చేసి, ఎండబెట్టి, అమ్మి డబ్బు చేతికొచ్చేసరికి నెలలు గడిచిపోతాయి. రేటు పెరిగితే అంతే సరుక్కి ముందుగా ఎక్కువ డబ్బు పెట్టాలి, అంటే అప్పు చేయాలి, వడ్డీ కట్టాలి. చెల్లింపు ఆలస్యమైతే? సంక్రాంతి ఖర్చులున్న రైతు అక్కడికక్కడే నగదు ఇచ్చే వ్యాపారి దగ్గరికి పోతాడు. అతణ్ని తప్పు పట్టలేం.

అయితే పండ్లు తగ్గాయని పల్పింగ్ యూనిట్ ఖర్చు, లారీ కిరాయి, జీతాలు తగ్గవు. కిలోకు పడే ఖర్చు పెరిగి బోనస్ కరిగిపోతుంది. ఆ తర్వాత కోత పడేది సేవలకే. మొక్కల పంపిణీ, తోటకొచ్చి సలహా ఇచ్చే సిబ్బంది లాంటివన్నమాట. 2025 ఆగస్టులో అరకు తోటల్లో కాయతొలుచు పురుగు బయటపడినప్పుడు ఆ సలహా ఎంత అవసరమో అందరికీ తెలిసొచ్చింది.

అందుకే సర్వసభ్య సమావేశంలో లాభమెంత అన్న ఒక్క ప్రశ్నతో సరిపెట్టుకోకూడదు. అమ్ముడుపోని స్టాక్ ఎంత? అప్పు, వడ్డీ ఎంత? రైతులకు ఇవ్వాల్సిన బకాయి ఎంత? ఇవీ అడగాలి. కువి, ఆదివాసీ ఒడియా మాట్లాడే ఊళ్లలో ఆడిట్ రిపోర్టును గబగబా తెలుగులో చదివేస్తే ఎవరికి అర్థమవుతుంది? వాళ్ల భాషలో చెప్పించుకోవడం సభ్యుల హక్కే. ఇక ఇంటి దగ్గర చేసుకోగలిగే తనిఖీ ఒకటుంది. తూకం చీటీలన్నీ దాచి, వాటిలోని కిలోలు, బోనస్ లెక్కలో చూపిన కిలోలు ఒకటేనా కాదా చూసుకోవడం.