ఎడమచేతి జీవం, కుడిచేతి చక్కెర

ఆదివారం ఆరాధన జరుగుతుండగా మన గుడి గుమ్మం ముందున్న చెప్పుల గుట్టను ఒకసారి చూడండి. పత్తికొండ పట్టణంలోని సంఘమైనా, తుగ్గలి దారిలోని చిన్న పల్లె సంఘమైనా సరే, ఎడమకాలి చెప్పులు ఎన్నో కుడికాలివీ అన్నే ఉంటాయి. ఆరాధన ముగించుకొని బయటికి వచ్చేసరికి కుడికాలివన్నీ మాయమై ఎడమకాలివే మిగిలితే ఏమనుకుంటాము? ఎవరో పనిగట్టుకొని ఏరుకుపోయారనే గదా!

మన ఒంట్లో ఉన్నది సరిగ్గా అలాంటి గుట్టే. కండరాలను, రక్తాన్ని, గోళ్లను కట్టే మాంసకృత్తులు అమైనో ఆమ్లాలనే చిన్న అణువులతో తయారవుతాయి. ఒక్క గ్లైసీన్ తప్ప ఈ ఆమ్లాలన్నిటికీ రెండు రూపాలుంటాయి. బరువొకటే, మూలకాలొకటే. అయినా ఒకటి రెండవదానికి అద్దంలోని ప్రతిబింబం, ఎడమచేయి కుడిచేయి వంటిది. మనిషి, మేక, వేరుశనగ మొక్క, మజ్జిగలోని సూక్ష్మజీవి – వీటన్నిటి మాంసకృత్తులు కట్టబడింది ఎడమచేతి రూపంతోనే. వంశలక్షణాలను మోసే డి.ఎన్.ఎ. లోని చక్కెర మాత్రం కుడిచేతిది. జలుబుకు, దురదకు మందుల దుకాణంలో ఇచ్చే లీవోసెట్రిజిన్ బిళ్ల పేరులోని ‘లీవో’కు అర్థం ఎడమ. సెట్రిజిన్‌లో రెండు రూపాలూ కలిసి ఉంటాయి. అందులోనుండి ఒక్కదానినే వేరుచేసిన మందు ఇది. అందుకే పది మిల్లీగ్రాముల చోట ఐదు సరిపోతుంది.

ఈ ఎడమ కుడి తేడాను మొదట కంటితో చూసినవాడు లూయీ పాశ్చర్. పిచ్చికుక్క కాటుకు టీకా కనిపెట్టిన పాశ్చరే. 1848లో, పాతికేళ్ల వయసులో, టార్టారిక్ ఆమ్లపు లవణ స్ఫటికాలను భూతద్దం కింద పెట్టి చూశాడు. మన చింతపండు పులుపుకు ముఖ్యకారణం ఆ ఆమ్లమే. స్ఫటికాలు రెండు తీరులుగా కనిపించాయి. పట్టకారుతో ఒక్కొక్కటే ఏరి రెండు కుప్పలు పోశాడు. నీళ్లలో కరిగిస్తే ఒక కుప్ప వెలుగును ఒక వైపుకు, రెండవది ఎదుటి వైపుకు తిప్పింది. ఆ కుప్పలను వేరుచేసింది పాశ్చర్ చేయి. మరి జీవం పుట్టకముందు, ఏరే చేయి లేనప్పుడు, ఒక్క రూపమే ఎలా మిగిలింది?

ఈ ప్రశ్న మన ఇళ్లలోకి కూడా వస్తున్నది. ఇంటరో డిగ్రీయో చదివే యౌవనస్థుడు, జీవం రసాయనాలనుండి వచ్చిందని పుస్తకంలో చదివి తండ్రిని అడుగుతాడు. తండ్రి కసురుకుంటాడు. పిల్లవాడు మళ్లీ అడగడు. కొన్నాళ్లకు గుడికీ రాడు. ఇంకో రకం జవాబు కూడా ఉన్నది: “ఎడమవాటిని ఎవరు ఏరారో చెప్పు! తనంతట తానుగా జరగదు గనుక దేవుడే ఏరాడు” అనడం. వినడానికి బాగానే ఉంటుంది. ఈ జవాబునుగూర్చే నాకు భయం.

ఎందుకంటే తనంతట తానుగా ఏరబడటాన్ని గాజుపాత్రలో చూపినవారున్నారు. అందులో ముఖ్యులు తెలుగు ఇంటిపేరుగల దిలీప్ కొండేపూడిగారు. ఆయన పనిచేసిన వేక్ ఫారెస్ట్ విశ్వవిద్యాలయం అమెరికాలోని నార్త్ కరొలైనాలో ఉన్నది. దానిని 1834లో స్థాపించినది బాప్టిస్టులే! నోబెల్ గ్రహీత ఇల్యా ప్రిగోజీన్‌తో కలిసి 1998లో ఉష్ణగతిశాస్త్ర పాఠ్యగ్రంథం రాసింది కూడా ఈయనే.

1990లో ఆయన, ఇద్దరు సహచరులు చేసిన ప్రయోగం చెబితే ఇంతేనా అనిపిస్తుంది. సోడియం క్లోరేట్ అనే లవణాన్ని నీటిలో కరిగించారు. కరిగినప్పుడు దానికి ఎడమా లేదు, కుడీ లేదు. గడ్డకట్టి స్ఫటికమైనప్పుడే ఏదో ఒక చేయి వస్తుంది. పాత్రను కదపకుండా ఉంచితే రెండు రకాలూ దాదాపు సమానంగా వచ్చాయి. అదే ద్రావణాన్ని కలుపుతూ ఉంచితే ఒక్కో పాత్రలో 99 శాతానికి పైగా ఒక్క చేతివే వచ్చాయి! ఒక పాత్రలో అన్నీ ఎడమవి, ఇంకో పాత్రలో అన్నీ కుడివి.

కారణం పెరుగు తోడుపెట్టే తల్లులకు సులభంగా అర్థమవుతుంది. కాచిన పాలలో ఒక్క చెంచా తోడు వేస్తే కుండంతా ఆ పెరుగే అవుతుంది. అలాగే పాత్రలో మొదట ఒక స్ఫటికం పుడుతుంది, ఎడమో కుడో. కలిపే కడ్డీ దానిని తాకి చిన్న తునకలు రాల్చుతుంది. ఆ తునకలన్నీ తల్లి చేతివే. ఒక్కొక్కటీ పెరుగుతూ కరిగిన లవణాన్ని త్వరత్వరగా తినేస్తుంది. వేరే చేతి స్ఫటికం పుట్టడానికి ద్రావణంలో సరుకు మిగలదు. ఏరినవారు లేరు, ముందు పుట్టినదే పాత్రను ఏలింది.

అయితే సోడియం క్లోరేట్ జీవం కాదు. అది ఉప్పులాంటి ఒక లవణం. 1953లో స్టాన్లీ మిల్లర్ మీథేను, అమ్మోనియా, హైడ్రోజన్, నీటి ఆవిరి కలిపి విద్యుత్ మెరుపులు పంపి అమైనో ఆమ్లాలు రాబట్టినప్పుడు ఎడమవి, కుడివి సగం సగమే వచ్చాయి. 2005లో స్పెయిన్ శాస్త్రజ్ఞుడు క్రిస్టోబల్ వియేద్మా, రెండు రకాలూ సమంగా ఉన్న సోడియం క్లోరేట్ స్ఫటికాలను గాజుపూసలతో నూరుతూ కలిపి చివరికి అంతా ఒక్క రకంగా మారడం చూశాడు. ఆ తరువాత 2008లో ఒక అమైనో ఆమ్లపు సంబంధిత పదార్థంతోనూ ఇతరులు అదే సాధించారు. 1969లో ఆస్ట్రేలియాలోని మర్చిసన్ వద్ద పడిన ఉల్కలో కొన్ని అమైనో ఆమ్లాల ఎడమ రూపం కాస్త ఎక్కువగా ఉందని 1997లో తేలింది. కాస్త ఎక్కువ అనేదానికి, పూర్తిగా ఎడమే అనేదానికి మధ్య ఇంకా చాలా దూరముంది.

కాబట్టి ఆ యౌవనస్థుడికి “ఏరడం తనంతట జరగదు” అని చెప్పకండి. జరుగుతుంది, ఎవరైనా చేసి చూపగలరు. దేవుడు నేల మంటినుండి నరుని చేశాడనే విశ్వాసం, ఆ మన్ను ఏ నియమాలకు లోబడి నడుచుకుంటుందో తెలిస్తే చెదిరిపోయేదని నేను అనుకోను. మనకు తెలియని చోటులో మాత్రమే దేవుణ్ణి కూర్చోబెడితే, తెలిసిన ప్రతిసారీ ఆయనను లేపవలసి వస్తుంది. పిల్లవాడికి ఇది మనకంటె ముందే అర్థమవుతుంది.

ఈ కథ ఎంత పాతదో చూడాలంటే మనం కడప జిల్లా వేంపల్లె దాకా వెళితే చాలు. అక్కడి సున్నపురాయి జాతి రాళ్లలో క్యాబేజీ కోసినట్లు పొరలు పొరలుగా కనిపించే గుర్తులు సూక్ష్మజీవుల చాపలు మిగిల్చినవి. వాటి వయసు సుమారు 190 కోట్ల ఏళ్లు. భూమి వయసు 454 కోట్ల ఏళ్లు గనుక, ఎడమా కుడీ అనే తీర్పు అంతకు చాలా ముందే జరిగిపోయింది.

మరి ఎడమే ఎందుకు, కుడి ఎందుకు కాదు? కొండేపూడిగారు 1985లోనే జార్జ్ నెల్సన్‌తో కలిసి దీనికి ఒక లెక్క వేశారు. అణువుల లోపల పనిచేసే బలహీన బలం ఎడమ కుడులను పూర్తిగా సమానంగా చూడదు. ఆ తేడా చెప్పలేనంత చిన్నది. అయినా ఒక చెరువంత నీటిలో, తమను తామే పెంచుకునే రసాయన చర్యలు సాగుతుంటే, సుమారు 15 వేల ఏళ్లలో ఆ చిన్న మొగ్గే మొత్తాన్ని ఒక వైపుకు ఒరగదీయవచ్చునని వారన్నారు. కాదు, మొదటి స్ఫటికంలాగా కేవలం ముందు పుట్టినదే గెలిచిందని ఇతరులంటున్నారు. ఆ వాదం ఇంకా నడుస్తూనే ఉన్నది.