అండమాన్‌లో స్కూబా డైవింగ్: డబ్బు కట్టే ముందు అడగాల్సిన ఆరు ప్రశ్నలు



సెలవులకు అండమాన్ వెళ్లే కుటుంబాలు ఎక్కువగా హేవ్‌లాక్ దీవిలో దిగుతాయి. 2018 నుంచి దాని అధికారిక పేరు స్వరాజ్ ద్వీప్. అక్కడ డైవింగ్ సెంటర్లు చాలా ఉన్నాయి. ప్రకటనలన్నీ ఒకేలా కనిపిస్తాయి: రంగురంగుల చేపలు, నవ్వుతున్న పిల్లలు, "ఈత రాకపోయినా ఫర్వాలేదు" అన్న మాట. వీటిలో మంచి సెంటర్‌ని ఎలా గుర్తుపట్టాలి? నా దృష్టిలో ఒక్కటే కొలత. అవసరమైనప్పుడు మనకు "వద్దు" అని చెప్పగలిగేదే మంచి సెంటర్. ఎందుకో చూద్దాం.

నీటి కింద ఏం జరుగుతుంది?

మీ ఇంట్లో పెద్ద క్లాసుల పిల్లలుంటే బాయిల్ నియమం గురించి అడగండి. పీడనం పెరిగితే గాలి పరిమాణం తగ్గుతుంది. సముద్రంలో 10 మీటర్ల లోతున పీడనం పైనున్న దానికి రెట్టింపు. అక్కడ సిలిండర్ గాలి నిండుగా పీల్చి, ఊపిరి బిగబట్టి పైకి వస్తే, ఊపిరితిత్తుల్లోని గాలి రెట్టింపు చోటు కోరుతుంది. ఊపిరితిత్తులు చిరిగే ప్రమాదం ఉంది. అందుకే స్కూబాలో మొదటి నియమం: ఊపిరి ఎప్పుడూ బిగబట్టకూడదు.

చెవుల సంగతీ అంతే. దిగుతున్నప్పుడు ముక్కు మూసుకుని మెల్లగా గాలి ఊది, చెవుల్లో ఒత్తిడి సరిచేసుకోవాలి. జలుబు ఉంటే అది కుదరదు. భయంలో పిల్లలు ఈ రెండూ మరిచిపోవచ్చు. కాబట్టి పక్కన ఎవరున్నారన్నదే ముఖ్యం.

అడగాల్సినవి ఇవి

1. మా పిల్లల వయసుకు దేన్ని అనుమతిస్తారు? ప్రపంచమంతటా డైవింగ్ శిక్షణ ఇచ్చే ప్యాడీ సంస్థ నియమాల ప్రకారం 8 ఏళ్లు నిండితే 2 మీటర్ల లోతు వరకే. సముద్రంలో మొదటి డైవ్‌కు 10 ఏళ్లు నిండాలి, లోతు 12 మీటర్లు మించకూడదు. "ఆరేళ్ల బాబునైనా తీసుకెళ్తాం సార్, ఏం కాదు" అన్నారంటే అక్కడి నుంచి వచ్చేయండి. చిన్నపిల్లలకు లైఫ్ జాకెట్‌తో, మీ పక్కనే స్నార్కెలింగ్ చాలు.

2. ఒక్కో ఇన్‌స్ట్రక్టర్ ఎంతమందిని తీసుకెళ్తారు? సహాయకులు లేకుండా ఒకరు సముద్రంలోకి నలుగురు కొత్తవాళ్లకు మించి తీసుకెళ్లకూడదు. మీ పిల్లలకు మాత్రం ఒకరికి ఒకరు కావాలని అడగండి.

3. నీళ్లలో పిల్లల పక్కన ఉండేది ఎవరు? సెంటర్‌కు పేరుంటే చాలదు. ఆ ఇన్‌స్ట్రక్టర్ పేరు, సర్టిఫికెట్ నంబరు అడగండి. ప్యాడీ, ఎస్.ఎస్.ఐ. లాంటి సంస్థల వెబ్‌సైట్లలో సరిచూసుకోవచ్చు. పిల్లలతో ఏ భాషలో మాట్లాడతారో కూడా అడగండి.

4. హెల్త్ ఫారం ఎప్పుడిస్తారు? ఆస్తమా, ఫిట్స్, గుండె సమస్య, చెవి ఆపరేషన్ లాంటివన్నీ అందులో ఉంటాయి. "అన్నిటికీ నో అని టిక్ పెట్టేయండి మేడమ్" అనే చోట దిగకండి. ఆ ఫారం ముందే తెప్పించుకుని, ఊళ్లో ఉండగానే మీ డాక్టర్‌కు చూపించండి. దీవికి వెళ్లాక నిజం దాచాలనిపిస్తుంది.

5. బోటులో ఏమేం ఉంటాయి? ఆక్సిజన్, ఫస్ట్ ఎయిడ్ కిట్, ఒడ్డుతో మాట్లాడే సాధనం, అందరూ నీళ్లలో ఉన్నా పైన ఉండే మనిషి. పిల్లల సైజు మాస్క్, జాకెట్ ఉన్నాయో లేదో వేసి చూడండి.

6. చివరి నిమిషంలో ఆగిపోతే డబ్బు సంగతేంటి? ఇది చిన్న ప్రశ్న కాదు. డబ్బు వెనక్కి రాదని తెలిస్తే "ఇంత దూరం వచ్చాం, ఒక్కసారి దిగు నాన్నా" అని మనమే బలవంతపెడతాం. వాతావరణం బాగాలేకపోయినా, పిల్లలు భయపడినా ఏం చేస్తారో ముందే రాయించుకోండి.

విమానం టికెట్ చూసుకోండి

డైవ్ చేశాక శరీరంలో మిగిలే నైట్రోజన్ బయటకు పోవడానికి సమయం కావాలి. సాధారణమైన ఒక్క డైవ్ తర్వాత కనీసం 12 గంటలు, ఎక్కువసార్లు చేస్తే కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదని నిపుణుల సూచన. పొద్దున డైవ్ చేసి, ఫెర్రీలో పోర్ట్ బ్లెయిర్ చేరి, సాయంత్రం ఫ్లైట్ ఎక్కే ప్లాన్ వద్దు. డైవింగ్‌ను టూర్ మొదటి రోజుల్లోనే పెట్టుకోండి.

ఇంట్లోనే నేర్పే రెండు సైగలు

నీటి కింద బొటనవేలు పైకెత్తితే "సూపర్" అని కాదు, "పైకి వెళ్దాం" అని అర్థం. బాగున్నామని చెప్పాలంటే బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టాలి. ఈ రెండూ ఇంట్లో ఆటలా నేర్పండి. దాంతోపాటు ఒక మాట కూడా చెప్పండి: "నీకు భయమేస్తే వేలు పైకెత్తు. ఎవరూ నిన్ను తిట్టరు."

మా క్లాసుల్లో చెయ్యెత్తి "అర్థం కాలేదు టీచర్" అనడానికి పిల్లలకు ఎంత ధైర్యం కావాలో మేం రోజూ చూస్తుంటాం. నీటి కింద అంతకంటే ఎక్కువ ధైర్యం కావాలి. సెంటర్ "వద్దు" అన్నా, మీ పిల్లలు "వద్దు" అన్నా ఆ మాట వినండి. సముద్రం వచ్చే ఏడాది కూడా అక్కడే ఉంటుంది.