బంకుకు వెళ్లకుంటే ధర దిగుతుందా?

ఒక్క రోజు పెట్రోలు మానేయమనే పిలుపులకు కొదవ లేదు. కానీ ఢిల్లీలో ధర దిగివచ్చింది వాహనదారుడు కొనడం మానేసినందుకు కాదు, పక్క రాష్ట్రానికి వెళ్లి కొన్నందుకు

పెట్రోలు ధర నాలుగు మెట్లు ఎక్కగానే సెల్‌ఫోన్లలో ఒక సందేశం చక్కర్లు కొట్టడం మొదలవుతుంది. ఫలానా తేదీన ఎవరూ పెట్రోలు పోయించుకోవద్దు, ఒక్క రోజు మానేస్తే చమురు కంపెనీలకు కోట్లలో నష్టం, దెబ్బకు ధర దిగివస్తుందన్నది దాని సారాంశం. ఒకే కంపెనీని ఎంచుకుని దాని బంకుల వైపు వెళ్లకుండా ఉంటే అది ధర తగ్గిస్తుంది, మిగతావి దాని బాట పడతాయన్నది మరో రకం. ఆలోచన కొత్తదేమీ కాదు. 1999 ఏప్రిల్ 30న అమెరికాలో 'గ్యాస్ అవుట్' పేరుతో ఇలాంటి పిలుపే ఈమెయిళ్ల ద్వారా దేశమంతా తిరిగింది. మరుసటి ఏడాది మళ్లీ ప్రయత్నించారు. రెండుసార్లూ ధరలు దిగలేదు.

కారణం అంతుచిక్కనిదేమీ కాదు. సోమవారం పెట్రోలు కొనని ఉద్యోగి ఆ రోజు కూడా ఆఫీసుకు బైకు మీదే వెళ్తాడు. అందుకోసం ఆదివారమే ట్యాంకు నింపుకుంటాడు, లేదంటే మంగళవారం క్యూలో నిలబడతాడు. వాడకం తగ్గదు, కొన్న రోజు మారుతుందంతే. బంకుల యజమానులకూ ఇదే అనుభవమైంది. 2017 నుంచి కమీషన్ పెంచలేదంటూ ఢిల్లీ సహా పలు రాష్ట్రాల డీలర్లు 2022 మే 31న ఒక్క రోజు కంపెనీల నుంచి సరుకు కొనడం మానేశారు. అప్పటికే నిల్వ ఉన్న పెట్రోలుతో అమ్మకాలు మామూలుగానే సాగాయి. కమీషన్ పెంపు 2024 అక్టోబర్ చివర్లో గానీ రాలేదు.

ఒకే కంపెనీని వెలివేసే ఎత్తుగడ మన దేశంలో మరీ బలహీనం. బంకుల్లో అత్యధికం ఇండియన్ ఆయిల్, భారత్ పెట్రోలియం, హిందుస్థాన్ పెట్రోలియంలవే. మూడూ ప్రభుత్వ రంగ సంస్థలే. వాటి ధరల మధ్య తేడా పైసల్లోనే ఉంటుంది. పైగా ఒక కంపెనీ రిఫైనరీలో తయారైన పెట్రోలు మరో కంపెనీ బంకుకు చేరడం ఈ వ్యాపారంలో మామూలే. ఢిల్లీకి దగ్గర్లోని పానిపట్, మథుర రిఫైనరీలు రెండూ ఇండియన్ ఆయిల్‌వే. ఆ బోర్డున్న బంకును తప్పించుకున్నంత మాత్రాన ఆ సరుకును తప్పించుకున్నట్లు కాదు.

లాక్‌డౌన్ పరీక్ష

బహిష్కరణ వాదులు కలలో కూడా ఊహించలేనంత పెద్ద ప్రయోగం 2020 ఏప్రిల్‌లో జరిగింది. లాక్‌డౌన్‌తో వాహనాలు ఇళ్ల ముందే ఆగిపోయాయి. దేశంలో పెట్రోలు అమ్మకాలు అంతకు ముందు ఏడాది ఏప్రిల్‌తో పోలిస్తే దాదాపు 60 శాతం పడిపోయాయి. ప్రపంచమంతా ఇదే పరిస్థితి. ఏప్రిల్ 20న అమెరికా ముడిచమురు ఫ్యూచర్స్ ధర సున్నా కన్నా కిందికి జారింది. సరుకు వదిలించుకోవడానికి అమ్మేవాడే ఎదురు డబ్బు ఇవ్వాల్సి వచ్చింది.

మరి ఢిల్లీలో? మార్చి మధ్య నుంచి లీటరు 69 రూపాయల 59 పైసల దగ్గర ఆగిన పెట్రోలు ధర ఒక్క పైసా దిగలేదు. పైగా మే 5న పెరిగింది. ఆదాయం అడుగంటిన ఢిల్లీ ప్రభుత్వం పెట్రోలుపై వ్యాట్‌ను 27 నుంచి 30 శాతానికి, డీజిల్‌పై 16.75 నుంచి 30 శాతానికి పెంచింది. పెట్రోలు 71 రూపాయల 26 పైసలకు చేరింది. డీజిల్ ఒక్క రోజులో 7 రూపాయల 10 పైసలు ఎగబాకింది. అదే రాత్రి కేంద్రం పెట్రోలుపై లీటరుకు 10 రూపాయలు, డీజిల్‌పై 13 రూపాయల పన్ను వడ్డించింది. ముడిచమురు చౌకగా ఉండడంతో ఆ భారం అప్పటికప్పుడు బంకులో కనిపించలేదు. వినియోగదారుడికి దక్కాల్సిన తగ్గింపు మాత్రం ఖజానాకు చేరింది. జూన్ 24న ఢిల్లీ చరిత్రలో తొలిసారి డీజిల్ ధర పెట్రోలును దాటింది.

ఇంత భారీగా వాడకం పడిపోయినా దిగని ధర ఒక్క రోజు సమ్మెకు దిగుతుందనుకోవడం అత్యాశే. భారత్ తనకు కావలసిన ముడిచమురులో 80 శాతానికి పైగా దిగుమతి చేసుకుంటుంది కాబట్టి అసలు ధర ప్రపంచ మార్కెట్లో తేలుతుంది. ఆపైన కేంద్రం ఎక్సైజ్ సుంకం, రాష్ట్రం వ్యాట్. 2021లో చాలాకాలం పాటు కేంద్ర పన్నే లీటరుకు 32 రూపాయల 90 పైసలు ఉంది. చాలా రాష్ట్రాల్లో వ్యాట్ శాతాల లెక్కన పడుతుంది. అంటే ధర పెరిగినప్పుడల్లా పన్ను కూడా దానంతట అదే పెరుగుతుంది.

సరిహద్దు దాటితే చౌక

కదిలించగలిగిన ముడి ఏదైనా ఉంటే అది ఈ పన్నులోనే ఉంది. దాన్ని ఢిల్లీ రెండుసార్లు పరీక్షించింది. 2018 అక్టోబర్‌లో కేంద్రం ధరను రెండున్నర రూపాయలు తగ్గించగా ఉత్తరప్రదేశ్, హర్యానా మరో రెండున్నర రూపాయలు తగ్గించాయి. ఢిల్లీ ససేమిరా అంది. నోయిడా, గురుగ్రామ్‌లకు గిరాకీ తరలిపోతోందంటూ అక్టోబర్ 22న నగరంలోని దాదాపు 400 బంకులు 24 గంటల పాటు మూతపడ్డాయి. సీఎన్‌జీ దొరక్క ఆటోవాలాలూ అవస్థ పడ్డారు. వ్యాట్ మాత్రం తగ్గలేదు. కొత్త ఏడాది నాటికి పెట్రోలు 69 రూపాయల లోపుకు దిగింది గానీ అందుకు కారణం సమ్మె కాదు, అంతర్జాతీయ మార్కెట్లో ముడిచమురు పతనం.

2021లో కథ మారింది. నవంబర్ 4న కేంద్రం పెట్రోలుపై 5 రూపాయల సుంకం తగ్గించాక ఢిల్లీలో లీటరు 103 రూపాయల 97 పైసలు. వ్యాట్ కూడా తగ్గించిన నోయిడాలో 95 రూపాయల 51 పైసలు. గురుగ్రామ్‌లో 96కు కాస్త తక్కువ. తేడా ఎనిమిది రూపాయల పైమాటే. యమున దాటి ట్యాంకు నింపుకొచ్చే వాహనదారుడు నినాదాలు చేయనక్కర్లేదు. అతడు పోయించుకున్న ప్రతి లీటరుకూ ఢిల్లీ ఖజానా వ్యాట్ పోగొట్టుకుంటుంది. డీలర్ల మొర, ప్రతిపక్షం ఆందోళన తోడయ్యాయి. డిసెంబర్ 1న కేజ్రీవాల్ ప్రభుత్వం వ్యాట్‌ను 30 నుంచి 19.4 శాతానికి కోసింది. మర్నాడు ధర 95 రూపాయల 41 పైసలు. నోయిడా కన్నా పది పైసలు తక్కువ.

యానాం వెళ్లి ట్యాంకు నింపుకునే కాకినాడ వాసికి ఈ లెక్క కొత్తది కాదు. అయితే ఈ ఆయుధం సరిహద్దు దగ్గర ఉన్నవారికే పనికొస్తుంది. పైగా రాష్ట్రాలన్నీ కూడబలుక్కుంటే అదీ మొద్దుబారుతుంది. 2015 జూలైలో ఢిల్లీ పెట్రోలుపై వ్యాట్‌ను 20 నుంచి 25 శాతానికి పెంచినప్పుడు, ఉత్తరాది రాష్ట్రాల్లో పన్నులు ఒకే స్థాయిలో ఉండాలన్న అవగాహననే కారణంగా చూపింది.

ఓటరుకున్న విలువ

సరిహద్దు లేని చోట మిగిలేది రాజకీయ ఒత్తిడి. 2018 సెప్టెంబర్ 10న ప్రతిపక్షాల భారత్ బంద్ నాడే ఢిల్లీలో పెట్రోలు 23 పైసలు పెరిగి 80 రూపాయల 73 పైసలైంది. కంపెనీలు బంద్‌ను పట్టించుకోలేదు. కానీ అదే రోజు ఆంధ్రప్రదేశ్‌లో చంద్రబాబు ప్రభుత్వం లీటరుపై 2 రూపాయల పన్ను తగ్గింపు ప్రకటించింది. మరో ఉదాహరణ మరీ స్పష్టం. 2017 జూన్ 16 నుంచి ధరలను రోజూ సవరించే విధానం ఉన్నా, ఉత్తరప్రదేశ్ ఎన్నికలు ముగిసేదాకా నాలుగు నెలలకు పైగా కంపెనీలు ధరల జోలికి పోలేదు. ముడిచమురు బ్యారెల్ వంద డాలర్లు దాటినా అంతే. ఫలితాలు వెలువడిన పన్నెండు రోజులకు, 2022 మార్చి 22న, పెంపు మొదలై ఏప్రిల్ 6 నాటికి సరిగ్గా పది రూపాయలకు చేరింది.

వాడకం శాశ్వతంగా తగ్గించుకోవడం వేరే సంగతి. మెట్రో ఎక్కే గుమస్తాకు, విద్యుత్ స్కూటరుకు మారిన దుకాణదారుకు నెల ఖర్చు తగ్గుతుంది. కానీ వారు వదులుకున్న లీటరు వల్ల బంకులో మిగిలినవారికి ధర తగ్గదు. బైకు మీద పార్సిళ్లు చేరవేసే కుర్రాడికి అసలు మానేసే వీలే లేదు. పెట్రోలు బహిష్కరిస్తే అతడు బహిష్కరించేది తన కూలినే. కనుక బంకు వాకిట్లో నిరసన తెలిపే వినియోగదారుడు తప్పు గుమ్మం ముందు నిలబడినట్లే. అక్కడ మీటరు తిప్పే కుర్రాడికి గానీ, అతని యజమానికి గానీ ధర మీద అధికారం లేదు. లీటరులో తమ వాటా ఎంతో నిర్ణయించేది సచివాలయాలు. అవి లెక్కచేసేది రెండింటినే: చేజారే ఆదాయం, చేజారే ఓటు.