టైరులో పడుగూ పేకా

పోచంపల్లి నేతకారుడికి పాత టైరును అడ్డంగా కోసి చూపిస్తే, రబ్బరు కంటే ముందు ఆయన కన్ను దారం మీద పడుతుంది. టైరులో బరువు మోసేదీ, గాలి ఒత్తిడికి తట్టుకుని నిలిచేదీ ఆ దారమే. పాత కారుకు కొత్త టైర్లు ఎంచుకోవాలన్నా, ముందు దాని కథ తెలియాలి.

గాలి టైరుకు 1845లోనే స్కాట్లాండ్ ఇంజనీరు రాబర్ట్ విలియం థామ్సన్ పేటెంటు పొందాడు. అప్పటికి కార్లు లేవు, ఆ ఊహ మరుగున పడింది. 1887లో బెల్‌ఫాస్ట్ పశువైద్యుడు జాన్ బాయ్డ్ డన్‌లప్ తన కొడుకు మూడు చక్రాల సైకిలు కోసం దాన్ని మళ్లీ కనిపెట్టాడు. థామ్సన్ సంగతి బయటపడ్డాక డన్‌లప్ పేటెంటు చెల్లలేదు. పేరు మాత్రం ఆయనకే దక్కింది.

తొలినాటి టైర్ల లోపల మామూలు నేత గుడ్డ ఉండేది. పడుగూ పేకా ఒకదాన్నొకటి దాటుతూ అల్లుకోవడమే చీరకు బలం. టైరుకు మాత్రం అదే చేటు. చక్రం తిరిగిన ప్రతిసారీ నేలకు ఆనిన భాగం అణిగి, మళ్లీ లేస్తుంది. అప్పుడు దారాలు ఒరుసుకుని వేడెక్కి తెగిపోయేవి. అందుకని పేకను దాదాపుగా తీసేశారు. పడుగు పోగులను పక్కపక్కనే పరిచి, అవి చెదరకుండా అక్కడక్కడా సన్నని పేక ఉంచి, రబ్బరు పట్టించారు. ఇలాంటి పొరలను ఏటవాలుగా, ఒకటి కుడికీ ఒకటి ఎడమకూ ఉండేలా పేర్చారు. నూలు పోయి రేయాన్, ఆ తర్వాత నైలాన్ వచ్చాయి. మన షాపుల్లో నైలాన్ టైరు అని అడిగితే ఇచ్చేది ఈ ఏటవాలు పొరల టైరే.

ఫ్రాన్స్‌లో మిషెలిన్ సంస్థ 1946లో పోగుల దిక్కు మార్చింది. అవి ఒక అంచు నుంచి మరో అంచుకు నేరుగా సాగుతాయి, నేలను తాకే భాగం కింద ఉక్కు తీగల పట్టీ ఉంటుంది. పక్క గోడ వంగినా అడుగు భాగం చదునుగానే ఉంటుంది కాబట్టి వేడి తగ్గుతుంది, అరుగుదలా తగ్గుతుంది. అదే రేడియల్ టైరు. మన దేశంలో మొదటి రేడియల్‌ను జేకే టైర్ 1977లో తెచ్చింది.

పాత కారు ఏ కాలానిదో టైరు కొలతే చెబుతుంది. అంబాసిడర్‌ది 5.90-15, వెడల్పూ రిమ్మూ రెండూ అంగుళాల్లోనే. మారుతి 800ది 145/70 ఆర్12. అంటే వెడల్పు 145 మిల్లీమీటర్లు, పక్క గోడ ఎత్తు అందులో 70 శాతం, రిమ్ 12 అంగుళాలు. లెక్క కడితే టైరు మొత్తం ఎత్తు దాదాపు 508 మిల్లీమీటర్లు. 155/65 ఆర్12 తీసుకున్నా 506 వస్తుంది. అదే 155/80 అయితే 553 అవుతుంది. మీటరు చూపే వేగం కంటే కారు ఎక్కువ వేగంతో పోతుంది, టైరు మడ్‌గార్డుకు తగిలినా తగలొచ్చు.

తక్కువ తిరిగే కారుకు అరుగుదల కంటే వయసుతోనే చిక్కు. గాట్లు లోతుగానే ఉంటాయి, రబ్బరు మాత్రం గట్టిపడి ఉంటుంది. ఎండ, వేడి, గాలిలోని ఓజోన్ కలిసి పక్క గోడల మీద సన్నని బీటలు తెస్తాయి. నల్లగొండ, పాలమూరు వేసవిలో ఇది ఇంకా తొందరగా జరుగుతుంది. టైరు పక్కన ఉండే నాలుగు అంకెల్లో మొదటి రెండూ తయారైన వారం, తర్వాతి రెండూ సంవత్సరం. 2319 అంటే 2019లో ఇరవై మూడో వారం. మూడంకెలే ఉంటే ఆ టైరు 2000కు ముందుది. సదాశివపేట ఎంఆర్‌ఎఫ్ కర్మాగారం నుంచి వచ్చినా, సముద్రం దాటి వచ్చినా, డబ్బు కట్టే ముందు ఈ అంకెలు చూడాలి. పదేళ్లు దాటినదాన్ని, గాట్లు ఎంత లోతుగా ఉన్నా, తీసేయమని పెద్ద తయారీదారుల సలహా.

నాలుగూ ఒకేసారి కొనలేనివారు రెండు కొంటే, వాటిని వెనక్కే బిగించాలి, ముందు చక్రాలతో నడిచే మారుతి 800కైనా సరే. తడి రోడ్డు మీద ముందు టైర్లు జారితే కారు మలుపు తిరగకుండా నేరుగా పోతుంది, వేగం తగ్గిస్తే మళ్లీ అదుపులోకి వస్తుంది. వెనకవి జారితే కారు గిర్రున తిరిగిపోతుంది. ఏటవాలు పొరల టైరును ఒక చక్రానికీ, రేడియల్‌ను దాని జంట చక్రానికీ వేయకూడదు.