పరాయి మైదానాలలో పరీక్షలు
ఫ్రాన్స్ ఫుట్‌బాల్‌లో విదేశీ ఆటగాళ్ల జీవితాలు మన ఇండ్లకు చెబుతున్న సంగతులు

ఉపాధిని వెదుక్కుంటూ ఊరు విడవడం మన ఓరుగల్లు ప్రాంతపు కుటుంబాలకు కొత్త కాదు. జిద్దా, దమ్మామ్, దుబాయి అనే పేర్లు మన ఇండ్లలో పొరుగూళ్ల పేర్లంత పరిచితమైనవి. కుమారుడు పంపే సొమ్ముతో చెల్లెలి నికాహ్ జరుగుతుంది, ఇంటిపై రెండవ అంతస్తు లేస్తుంది. అయితే ఆ కుమారుడు అక్కడ ఎటువంటి మాటలు పడుతున్నాడో, దేనిని నిలుపుకొంటున్నాడో, దేనిని విడిచిపెడుతున్నాడో ఇంటివారికి తెలిసేది తక్కువ. ఫోనులో అతడు చెప్పేది ఒకే మాట: "బాగానే ఉన్నాను."

పరాయి దేశంలో పనిచేసేవారిలో ఒక వర్గం జీవితం మాత్రం వేలాది కన్నుల ఎదుట సాగుతుంది. వారే ఫుట్‌బాల్ ఆటగాళ్లు. ఫ్రాన్స్‌లో 1932లో వృత్తి ఫుట్‌బాల్ లీగ్ ప్రారంభమైనది మొదలు, అక్కడి అగ్రశ్రేణి పోటీలలో విదేశీయులు ఆడుతూనే ఉన్నారు. ఒకే సీజన్‌లో 44 గోలులు చేసి రికార్డు నెలకొల్పిన యోసిప్ స్కోబ్లార్ యుగోస్లావియా వాడు. మొత్తం 299 గోలులతో ఆ లీగ్ చరిత్రలోనే ప్రథమ స్థానంలో నిలిచిన దెలియో ఓనిస్ అర్జెంటీనాలో పెరిగినవాడు. ఇక ఆఫ్రికా నుండి వచ్చినవారి జాబితా చాలా పెద్దది. వలస అనేది మనిషిని ఎన్ని విధాల పరీక్షిస్తుందో తెలుసుకోవడానికి వీరిలో కొందరి జీవితాలు చాలు.

కోరంగి నుండి ప్యారిస్ దాకా

ముందుగా మన భాషకు సంబంధించిన ఒక పేరు. వికాశ్ రావు ధొరాసూ 1973లో ఫ్రాన్స్‌లోని లె హావ్ర్ రేవు పట్టణం పక్కన ఉన్న హార్‌ఫ్లర్‌లో జన్మించారు. తల్లిదండ్రులది మారిషస్. వారి పూర్వీకులు తెలుగువారు. 19వ శతాబ్దంలో బ్రిటిషు పాలకులు చెరకు తోటల పనికై మన తీరం నుండి ఒప్పంద కూలీలను ఓడలలో మారిషస్‌కు తరలించారు. గోదావరి ముఖద్వారంలోని కోరంగి రేవు పేరు మీదుగానే అక్కడ తెలుగువారిని కోరంగీలని పిలిచేవారు.

వికాశ్ 1993లో లె హావ్ర్ జట్టులో ప్రవేశించి, మధ్య వరుసలో ఆడే నేర్పరిగా పేరు తెచ్చుకున్నారు. లియోన్ జట్టుతో 2003, 2004 సంవత్సరాలలో లీగ్ విజేత అయ్యారు. ఒక సంవత్సరం ఇటలీలోని మిలాన్ జట్టులో గడిపి, తిరిగివచ్చి ప్యారిస్ సేంట్ జెర్మేన్‌లో చేరారు. 2006లో ఫ్రెంచి కప్ ఫైనల్‌లో మార్సెయిపై దూరం నుండి ఆయన కొట్టిన గోలు ప్యారిస్ జట్టు 2-1 విజయానికి తోడ్పడింది. ఆ ఏడే ప్రపంచ కప్‌కు ఫ్రాన్స్ జట్టులో స్థానం పొందారు.

లోకమంతా కోరుకునే గౌరవమది. కానీ అక్కడ ఆయన మైదానంలో దిగినది రెండుసార్లు, అదీ చివరి నిమిషాలలో, మరొకరికి బదులుగా. జట్టు ఫైనల్ దాకా వెళ్లింది. ఆయన మాత్రం బల్ల మీద కూర్చుని ఉండిపోయారు. తన ఒంటరితనాన్ని ఒక చిన్న కెమెరాతో తానే చిత్రించుకున్నారు. అది తరువాత సినిమాగా వెలువడింది. అదే సంవత్సరం శిక్షకునితో విభేదాలు బహిరంగం కావడంతో క్లబ్బు ఆయనను తొలగించింది. మనం దూరం నుండి చూసి "వాడికేమి, విదేశంలో ఉన్నాడు" అనుకునే మాట ఎంత అసంపూర్ణమైనదో గ్రహించడానికి ఈ ఒక్క ఉదాహరణ సరిపోతుంది. పెద్ద చోటికి చేరినవారికి కూడా దిగులు ఉంటుంది. ఆ దిగులు చెప్పుకోవడానికి ఒక చెవి కావాలి.

పేరు వారిది, గడ్డ ఎవరిది?

మొరాకో వాసి అల్ అరబీ బిన్ ముబారక్ కథ మరింత పాతది. ఫ్రెంచివారు ఆయన పేరును లార్బీ బెన్ బారెక్ అని రాసుకున్నారు. కాసాబ్లాంకాలో పుట్టి, 1938లో మార్సెయి జట్టులో చేరారు. అప్పుడు మొరాకో ఫ్రెంచి ఆధిపత్యంలో ఉండేది. 1938 నుండి 1954 వరకు ఆయన ఫ్రాన్స్ జాతీయ జట్టుకు ఆడారు. అంతటి సుదీర్ఘ కాలం ఆ జట్టుకు ఆడినవారు మరొకరు లేరు. పత్రికలు ఆయనను 'నల్ల ముత్యం' అని కీర్తించాయి. అటువంటి మనిషి 1992లో కాసాబ్లాంకాలోని తన ఇంట్లో ఒంటరిగా కన్నుమూశారు. కరతాళ ధ్వనులు ముదిమిలో తోడురావు. ఇంటివారి, ఇరుగుపొరుగువారి పలకరింపే తోడు వస్తుంది.

అల్జీరియాకు చెందిన రషీద్ మఖ్లూఫీది మరొక దారి. 1936లో సతీఫ్ పట్టణంలో జన్మించారు. 1945 మే నెలలో అక్కడ ఫ్రెంచి పాలకులు జరిపిన ఘోర హత్యాకాండ నాటికి ఆయన తొమ్మిదేండ్లైనా నిండని బాలుడు. 1954లో సేంట్ ఎటియెన్ జట్టులో చేరి, 1957లో ఆ జట్టు తొలిసారి లీగ్ గెలవడంలో పాలుపంచుకున్నారు. 1958 ప్రపంచ కప్‌కు ఫ్రాన్స్ పరిశీలనలో ఉన్న ఆటగాళ్లలో ఆయన కూడా ఒకరు.

ఆ ఏడాది ఏప్రిల్‌లో మఖ్లూఫీ, మొనాకో జట్టు రక్షకుడు ముస్తఫా జైతూనీ, మరికొందరు అల్జీరియన్లు రహస్యంగా సరిహద్దులు దాటి ట్యూనిస్ చేరుకున్నారు. అల్జీరియా జాతీయ విమోచన పక్షం తరఫున ఒక జట్టుగా ఏర్పడ్డారు. మఖ్లూఫీ అప్పుడు ఫ్రెంచి సైన్యంలో తప్పనిసరి సేవలో ఉన్నారు. కనుక పట్టుబడితే శిక్ష తీవ్రమైనది. జీతం, కీర్తి, ప్రపంచ కప్ ఆశ, అన్నిటినీ ఒకే రాత్రి విడిచివెళ్లారు. ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఆ జట్టును గుర్తించలేదు. అయినా నాలుగేండ్ల పాటు దేశదేశాలు తిరిగి, ఇంకా పుట్టని ఒక దేశం పేరిట వారు ఆడారు.

1962లో స్వాతంత్ర్యం వచ్చింది. మఖ్లూఫీ తిరిగి సేంట్ ఎటియెన్‌కే వెళ్లారు! ఆ జట్టును అగ్రశ్రేణికి చేర్చి, 1964, 1967, 1968లలో మూడుసార్లు విజేతగా నిలపడంలో ముఖ్యపాత్ర వహించారు. 1968 ఫ్రెంచి కప్ ఫైనల్‌లో నాయకుడిగా రెండు గోలులూ తానే చేసి, దేశాధ్యక్షుడు డిగాల్ చేతుల నుండి కప్పు అందుకున్నారు. 2024 నవంబరులో 88వ ఏట పరమపదించారు. అన్యాయాన్ని ఎదిరించడం వేరు, ఆ నేల మీది సామాన్య జనాన్ని ద్వేషించడం వేరు. ఈ తేడాను ఉపన్యాసాలతో పనిలేకుండా ఆయన బ్రతుకే తెలియజేసింది.

టాక్సీలో వచ్చిన యువకుడు

మాలీ దేశపు సలీఫ్ కైతా 1967లో ప్యారిస్ విమానాశ్రయంలో దిగినప్పుడు ఎదురుకోలుకు ఎవరూ రాలేదు. ఆయన ఒక టాక్సీ ఎక్కి, సుమారు 500 కిలోమీటర్ల దూరంలోని సేంట్ ఎటియెన్‌కు పొమ్మన్నారు. అద్దె క్లబ్బు చెల్లించుకోవలసి వచ్చింది. ఆ టాక్సీ యువకుడే 1970లో ఆఫ్రికా ఉత్తమ ఆటగాడి తొలి పురస్కారం అందుకున్నారు. 1970-71 సీజన్‌లో 42 గోలులు చేశారు. తరువాత మార్సెయికి మారినప్పుడు, విదేశీయుల సంఖ్యపై ఉన్న పరిమితి కారణంగా ఫ్రెంచి పౌరసత్వం తీసుకోవాలని ఒత్తిడి వచ్చింది. ఆయన అంగీకరించక స్పెయిన్‌కు తరలిపోయారు. వయసు మళ్లిన తరువాత స్వదేశానికి చేరి, బమాకోలో పిల్లలకు శిక్షణ కేంద్రం స్థాపించారు. సంపాదించినవాడు చాలామంది ఇల్లు కట్టుకుంటాడు. తన వెనుక వచ్చేవారికి దారి కట్టినవాడు కొద్దిమందిలో ఒకడు.

ఉపవాసం, విజిల్

నేడు ఆ లీగ్‌లో ముస్లిం ఆటగాళ్లు పెద్ద సంఖ్యలో ఉన్నారు. రమజాన్‌లో సాయంకాలపు పోటీ మధ్యలో సూర్యాస్తమయం అవుతుంది. ఇంగ్లండ్‌లో ఆట సహజంగా ఆగిన క్షణంలో ఖర్జూరం, నీరు తీసుకునే వెసులుబాటు కొన్నేండ్లుగా ఉంది. ఫ్రాన్స్‌లో మాత్రం ఇఫ్తార్ కోసం ఆటను ఆపరాదని 2023లో జాతీయ సమాఖ్య రెఫరీలకు సూచించింది. ఆ దేశపు లౌకిక విధానం ప్రకారం ఆటలో మతానికి చోటు లేదన్నది వారి వాదన. అదే సంవత్సరం నాంత్ జట్టు శిక్షకుడు, పోటీ రోజున ఉపవాసముండే ఆటగాడిని జట్టులోకి తీసుకోనని ప్రకటించారు. గాయాల భయమే కారణమని ఆయన వివరణ. ఒక యువ ఆటగాడు స్థానం కోల్పోయాడు కాని ఉపవాసం విడువలేదు.

ప్రయాణంలో ఉన్నవానికి ఉపవాసాన్ని మరొక దినానికి వాయిదా వేసుకునే సడలింపును మన ధర్మం ఇచ్చింది. దానిని వాడుకునే ఆటగాళ్లు ఉన్నారు, వాడుకోనివారూ ఉన్నారు. అది దాసునికీ ప్రభువుకూ మధ్య ఉన్న విషయం. ఎవరినీ ఇక్కడ కూర్చుని తూచడం మన పని కాదు. కానీ పిల్లవానిని పంపే తల్లిదండ్రులకు ఒక సంగతి తెలిసి ఉండాలి: ఆరాధనలోని విధులే గాక సడలింపులు కూడా నేర్పి పంపాలి. విధులు మాత్రమే తెలిసినవాడు కష్టసమయంలో విరిగిపోతాడు. సడలింపులు మాత్రమే తెలిసినవాడు జారిపోతాడు.

చీకటి వ్యాపారం

ఈ వెలుగు వెనుక ఒక చీకటి ఉంది. పశ్చిమ ఆఫ్రికాలో దళారులు పేద తల్లిదండ్రుల వద్దకు వెళ్లి, మీ బాలునికి ఫ్రాన్స్ క్లబ్బులో పరీక్ష ఏర్పాటు చేస్తామని చెప్పి సొమ్ము తీసుకుంటారు. పొలం అమ్మి, నగలు అమ్మి ఇచ్చినవారున్నారు. బాలుడు ప్యారిస్ చేరిన తరువాత దళారి మాయమవుతాడు. చేతిలో వీసా గడువు తీరిన కాగితం, కాళ్ల కింద పరాయి వీధి! ఇటువంటి బాలల కోసం కామెరూన్ మాజీ ఆటగాడు జాన్ క్లోద్ ఎంబ్వూమాఁ 2000లో ప్యారిస్‌లో ఒక సంస్థ స్థాపించారు. మరుసటి ఏడాది ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ, కొన్ని మినహాయింపులు తప్ప, 18 ఏండ్లు నిండని ఆటగాళ్లను ఒక దేశం నుండి మరొక దేశానికి మార్చడాన్ని నిషేధించింది.

ఈ కథలో బంతిని తీసివేసి చూడండి. ఏజెంటు, ముందుగా కట్టిన సొమ్ము, చెప్పిన పని ఒకటి, దొరికిన పని ఒకటి, యజమాని చేతిలో పాస్‌పోర్టు. ఇది మన వీధిలోని కథ కాదా? కనుక ప్రయాణానికి ముందే ఏజెంటుకు విదేశీ వ్యవహారాల మంత్రిత్వ శాఖ ఇచ్చిన నమోదు ఉన్నదో లేదో చూడాలి. ఒప్పంద పత్రం తెలిసిన భాషలో చదివించుకోవాలి. చెల్లించిన ప్రతి రూపాయికీ రశీదు తీసుకోవాలి. పాస్‌పోర్టు, ఒప్పందాల నకళ్లు ఇంట్లో ఉంచాలి. నమ్మకం మంచిదే. రుణాన్ని సైతం రాసి, సాక్షులను పెట్టుకొమ్మని నేర్పిన ధర్మం మనది.

మన గడ్డ మీది గురువు

భారతీయ జట్టు ఫ్రాన్స్‌ను ఎదుర్కొన్న రోజులు కూడా ఉన్నాయి. 1948 లండన్ ఒలింపిక్స్‌లో మనవారు ఫ్రాన్స్ చేతిలో 2-1 తేడాతోనే ఓడారు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో అదే ఫ్రాన్స్‌ను 1-1తో నిలువరించారు. ఆ రెండవ జట్టును తీర్చినవారు హైదరాబాదుకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం. వృత్తిరీత్యా బడిపంతులు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన జట్టును నాలుగవ స్థానానికి, 1962 ఆసియా క్రీడలలో స్వర్ణానికి చేర్చి, మరుసటి సంవత్సరమే క్యాన్సర్‌తో మరణించారు.  ఉన్నచోటనే ఉండి ఎందరినో ఎక్కడికో చేర్చారు.

మా మదర్సా విద్యార్థులు అసర్ నమాజు తరువాత బంతి ఆడుతుంటే, చదువు పాడవుతుందని కొందరు పెద్దలు అభ్యంతరం చెబుతారు. దైవప్రవక్త (స) తమ సతీమణి ఆయెషా (రజి)తో పరుగు పందెం వేశారని వారికి గుర్తు చేస్తుంటాను. మగ్రిబ్ అజాన్ వినగానే బంతిని పక్కన పెట్టి వుజూకు వెళ్లే పిల్లవానికి ఆట హాని చేయదు. ఎప్పుడు ఆడాలో, ఎప్పుడు ఆపాలో ఆ చిన్న మైదానంలోనే అతడు నేర్చుకుంటున్నాడు.

రేపు ఆ పిల్లలలో ఎవరు ఏ దేశం వెళతారో అల్లాహ్‌కే తెలుసు. వెళ్లినవారిని వారానికొకసారి "ఎంత పంపావు?" అని కాక, "ఎలా ఉన్నావు, ఎవరితో తింటున్నావు, నిద్ర పడుతున్నదా?" అని అడుగుదాం. "బాగానే ఉన్నాను" అన్న తరువాత కూడా ఇంకొక నిమిషం ఫోను పెట్టకుండా ఆగుదాం. చెప్పవలసిన మాట ఏదైనా ఉంటే, తరచుగా ఆ నిమిషంలోనే బయటకు వస్తుంది.